ఎద్దును నడిపించి చూస్తాం, మన నడుమును చూసుకోమా?

మండల స్థాయి రైతు, కూలీల శిక్షణా తరగతిలో సంఘం ఆరోగ్య బృందం చేసిన ప్రసంగ పాఠం



ఇలాంటి తరగతుల్లో మద్దతు ధర గురించి, కౌలు కార్డుల గురించి, పంట నష్టం గురించి ఎన్నోసార్లు మాట్లాడుకున్నాం. ఈరోజు మేము మాట్లాడబోయేది మన నడుము గురించి, మోకాళ్ల గురించి, భుజాల గురించి. ఇది ఆసుపత్రి విషయం కదా, సంఘానికి ఏం సంబంధం అని కొందరికి అనిపించవచ్చు. సంబంధం ఉంది.

సాగు ఖర్చు లెక్క గట్టేటప్పుడు విత్తనం, ఎరువు, మందు, డీజిల్, కూలి, వడ్డీ అన్నీ రాస్తారు. మద్దతు ధర సిఫారసు చేసే కమిషన్ లెక్కలో పనిముట్ల తరుగుదల కూడా ఉంటుంది. ట్రాక్టరు ఏడాదికి ఇంత అరిగిందని ఒక అంకె వేస్తారు. ఇంటిల్లిపాది చేసిన పనికి కూలి కడతారు. కానీ ఆ పని చేసిన మనిషి నడుము ఎంత అరిగిందో ఏ పద్దులోనూ కనిపించదు. ఆ అరుగుదల ఖర్చు మనమే భరిస్తున్నాం. గోళీలకు, సూదులకు, స్కానింగులకు, పోయిన పనిదినాలకు డబ్బు మన జేబులోంచే పోతోంది.

నొప్పి ఎక్కడ అని కాదు, ఎప్పుడు అని అడగాలి

సంతలో ఎద్దును కొనేటప్పుడు మనం ఏం చేస్తాం? పళ్లు చూస్తాం, గిట్టలు చూస్తాం. ఆ తర్వాత నడిపించి చూస్తాం. అడుగు సమంగా పడుతోందా, ఏ కాలు ఈడుస్తోంది, తిరిగేటప్పుడు తడబడుతోందా అని ముందు నుంచి ఒకసారి, వెనక నుంచి ఒకసారి చూస్తాం. కట్టుకొయ్య దగ్గర నిలబడ్డ ఎద్దు ఎంత దిట్టంగా కనిపించినా నడిపించకుండా బేరం ఆడే రైతు ఉండడు. లోపం నడకలోనే బయటపడుతుందని మనకు తెలుసు.

మన ఒంటి దగ్గరికి వచ్చేసరికి ఈ తెలివిని పక్కన పెట్టేస్తాం. నడుము నొప్పి అనగానే ఊళ్లో డాక్టరు దగ్గరికి వెళ్తాం. కుర్చీలో కూర్చోబెట్టి ఒక సూది, పది గోళీలు ఇస్తారు. మనల్ని ఎవరూ నడిపించి చూడరు, వంచి చూడరు. ఏ పని చేస్తే ఎక్కువవుతోంది, ఎలా పడుకుంటే తగ్గుతోంది అని అడిగేవాళ్లు తక్కువ. నాలుగు రోజులు తగ్గి, మళ్లీ అదే పనికి, అదే తీరులో వంగగానే మళ్లీ మొదలు.

ఈ గోళీల మాట ఒకటి గట్టిగా చెప్పాలి. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు నెలల తరబడి వాడితే కడుపులో పుండ్లు పడతాయి, రక్తపోటు పెరుగుతుంది, మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఎండలో నీళ్లు తాగకుండా పనిచేసే మనిషికి మూత్రపిండాల ముప్పు ఇంకా ఎక్కువ. పొద్దున్నే గోళీ వేసుకుని చేనుకు పోవడం అలవాటుగా మారితే, నడుము బాధ పోయి అంతకంటే పెద్ద బాధ తగులుకుంటుంది. బీపీ, షుగరు ఉన్నవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి.

ఇంకోటి స్కానింగు. ఎంఆర్‌ఐలో డిస్కు అరిగిందని రాగానే ఇక పని చేయలేననుకుని కుంగిపోయేవాళ్లు చాలామంది. ఏ నొప్పీ లేని మనుషులకు తీసిన స్కానింగులను పరిశోధకులు లెక్కవేస్తే, 20 ఏళ్ల వయసువాళ్లలోనే మూడో వంతుకు పైగా, 80 ఏళ్ల వాళ్లలో దాదాపు అందరికీ డిస్కు అరుగుదల కనిపించింది. జుట్టు నెరిసినట్టే డిస్కూ అరుగుతుంది. నొప్పికి అదే కారణమని బొమ్మ ఒక్కటే చూసి తేల్చలేం.

కదలికను పరీక్షించడం అంటే

ఫిజియోథెరపీ చేసేవాళ్లు చేసే పరీక్షలో అసలు భాగం కదిలించి చూడడమే. అందులో మనకు మనం, ఒకరికొకరం చూసుకోగలిగినవి కొన్ని చెబుతాం.

మొదటిది నడక. ఇరవై అడుగులు నడవమనండి. అడుగు సమంగా పడుతోందా, ఒక పక్కకు ఒరుగుతున్నారా చూడండి. తర్వాత మడమల మీద పది అడుగులు, మునివేళ్ల మీద పది అడుగులు నడవమనండి. మడమల మీద నిలబడలేక పాదం ముందు భాగం వాలిపోతున్నా, ఒక కాలి మునివేళ్ల మీద లేవలేకపోతున్నా, కాలికి వెళ్లే నరం మీద ఒత్తిడి ఉండవచ్చు. అది గోళీతో సరిపెట్టుకునే విషయం కాదు.

రెండోది కూర్చుని లేవడం. నేల మీద గొంతుకూర్చుని చేతి ఊతం లేకుండా లేవగలుగుతున్నారా? లేచేటప్పుడు మోకాళ్లు లోపలికి వాలుతున్నాయా? వాలుతున్నాయంటే చాలామందిలో తొడ, పిరుదుల కండరాలు బలం తగ్గాయని అర్థం. ఆ భారమంతా మోకాలి మీద పడుతోంది.

మూడోది వంగడం. ముందుకు వంగమని పక్క నుంచి చూడండి. శరీరం తుంటి దగ్గర మడత పడుతోందా, నడుము దగ్గర విల్లులా వంగుతోందా? తుంటి కదలనివాళ్లు నాటు వేసేటప్పుడు, కలుపు తీసేటప్పుడు రోజంతా నడుమునే వంచుతారు.

నాలుగోది చేతులు. రెండు చేతులూ పైకెత్తి చెవులకు ఆనించమనండి. ఒకటి ఆగిపోతోందా? మందు పంపు పట్టీలు మోసేవాళ్లలో, హమాలీలలో భుజం ఇలాగే బిగుసుకుంటుంది.

ఐదోది మళ్లీ మళ్లీ చేసి చూడడం. దీని వెనక ఒక కథ ఉంది. 1956లో న్యూజిలాండ్‌లోని వెల్లింగ్టన్‌లో రాబిన్ మెకెంజీ అనే ఫిజియోథెరపిస్టు దగ్గరికి నడుము నుంచి కాలిదాకా నొప్పి ఉన్న ఒక రోగి వచ్చాడు. తలవైపు ఎత్తి ఉన్న మంచం మీద అతను పొరపాటున బోర్లా పడుకున్నాడు. నడుము బాగా వెనక్కి వంగి ఉంది. ఆ రోజుల్లో అది హాని చేస్తుందనుకునేవారు. కాసేపటికి మెకెంజీ వచ్చి చూస్తే, కాలిలో నొప్పి పోయిందని ఆ రోగి చెప్పాడు. అక్కడి నుంచి మెకెంజీ ఒక పద్ధతి తయారుచేశాడు. ఒకే కదలికను పదేసి సార్లు చేయించి నొప్పి ఎటు జరుగుతోందో చూడడం. కాలిలోంచి నడుము వైపు వెనక్కి వస్తుంటే మంచి గుర్తు. నడుములోంచి పిక్కలోకి, పాదంలోకి దిగుతుంటే ఆ కదలిక ఆపేయాలి.

వెనక్కి వంగడమే అందరికీ మందు అనుకోకండి. వయసు మళ్లిన కొందరికి వెన్నులో నరాల దారి ఇరుకవుతుంది. వాళ్లకు నిటారుగా నడిస్తే కాళ్లు లాగుతాయి, ముందుకు వంగి కూర్చుంటే హాయిగా ఉంటుంది. పక్కింటాయనకు తగ్గించిన వ్యాయామం మనకు నొప్పి పెంచవచ్చు. అందుకే ముందు పరీక్ష, తర్వాత వ్యాయామం.

కొన్ని గుర్తులు కనిపిస్తే ఇంటి దగ్గర పరీక్షలు చేసుకుంటూ కూర్చోకూడదు. మల మూత్రాల మీద పట్టు తప్పడం, సైకిలు సీటు ఆనే చోట మొద్దుబారడం, పాదం వాలిపోవడం, చెట్టు మీదనుంచో బండి మీదనుంచో పడ్డాక మొదలైన నొప్పి, నొప్పితోపాటు జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం. ఇవి ఉంటే పెద్దాసుపత్రికి వెళ్లాలి. మొదటి రెండూ కనిపిస్తే అదే రోజు వెళ్లాలి.

చేనులో చూడాలి

ఆసుపత్రి గదిలో కనిపించనిది చేనులో కనిపిస్తుంది. కాబట్టి మనిషితోపాటు మనిషి చేసే పనిని కూడా పరీక్షించాలి.

ఏతం ఎలా పనిచేస్తుందో మన పెద్దలకు తెలుసు. ఇరుసుకు దూరంగా ఉన్న కొద్దిపాటి బరువును ఇరుసుకు దగ్గరున్న పెద్ద బరువు గానీ నిలబెట్టలేదు. నడుము కూడా అంతే. వెన్నెముక ఇరుసు. దాన్ని పట్టి ఉంచే వెనక కండరాలు వెన్నుకు సుమారు రెండు అంగుళాల దూరంలో ఉంటాయి. చేతులు చాచి ఇరవై అంగుళాల దూరంలో 10 కిలోల బకెట్ పట్టుకుంటే, ఆ ఒక్క బకెట్‌కే ఆ కండరాలు దాదాపు 100 కిలోల బలంతో లాగాలి. అదే బకెట్‌ను పొట్టకు ఆనించి పట్టుకుంటే ఆ బలం సగానికంటే తగ్గుతుంది. వంగి నాటు వేసేటప్పుడు చేతిలో నారు కట్ట తేలికే, కానీ మన తల, భుజాలు, మొండెం బరువంతా ఏతం కొసన వేలాడుతున్నట్టే.

పత్తి ఏరే అక్కలను చూడండి. నడుముకు కట్టిన ఒడి నిండేకొద్దీ బరువు ముందుకు లాగుతుంది, దానికి సరిగా నడుము వెనక్కి లాగాలి. పంపు మోసేవాళ్లను చూడండి. 16 లీటర్ల పంపు నిండితే నీళ్లే 16 కిలోలు, పంపు బరువు అదనం. దాన్ని నేల మీదనుంచి మెలిక తిరిగి భుజాన వేసుకునే క్షణంలోనే చాలామందికి పట్టేస్తుంది. గట్టు మీదో అరుగు మీదో పెట్టి తగిలించుకుంటే ఆ మెలిక ఉండదు. గంటల తరబడి గొంతుకూర్చుని పనిచేసేవాళ్లకు మోకాలి బయటి పక్క నరం నొక్కుకుపోయి పాదం వాలిపోవచ్చు. విదేశాల్లో స్ట్రాబెర్రీ కోసే కూలీలలో ఎక్కువగా కనిపించి ఆ జబ్బుకు వాళ్ల పనిపేరే వచ్చింది. మన దగ్గర వేరుశనగ కాయలు కోసేవాళ్లు, ఉల్లి కలుపు తీసేవాళ్లు కూర్చునేదీ అలాగే.

మీరు చెప్పినట్టు చేస్తే గుత్త ఎప్పుడు తెగుతుంది?

తుంటి దగ్గర వంగండి, బరువు దగ్గరగా పట్టుకోండి, మధ్యమధ్య నిలబడండి అని ఎక్కడ చెప్పినా, నాట్లు వేసే అక్కలు అడిగే ప్రశ్న ఇదే. ఎకరానికి ఇంత అని గుత్త పట్టాక, పక్క ముఠా పరుగెడుతుంటే, మేము నడుము చూసుకుంటూ నిలబడగలమా? ఈ ప్రశ్న న్యాయమైనది. దాన్ని దాటేసి ఆరోగ్య సూత్రాలు వల్లించడం తప్పు.

పరిశోధనలు కూడా ఆ అక్కల వైపే ఉన్నాయి. బరువు ఎలా ఎత్తాలో శిక్షణ ఇచ్చినంత మాత్రాన పనిచేసేవాళ్లలో నడుము నొప్పులు తగ్గడం లేదని పలు దేశాల అధ్యయనాలను కలిపి సమీక్షించినవాళ్లు తేల్చారు. బరువు అదే, పనిముట్టు అదే, తొందర అదే ఉంచి, నువ్వే సరిగా వంగు అంటే నడుము నిలబడదు. మనిషి కదలికను పరీక్షించాక మార్చాల్సింది చాలాసార్లు మనిషిని కాదు, పనిని.

దీనికి మంచి ఉదాహరణ అమెరికాలోని కాలిఫోర్నియాలో ఉంది. అక్కడి తోటల్లో మెక్సికో మూలాల కూలీల చేత పొట్టి పిడి పారతో కలుపు తీయించేవారు, మొక్కలు పలచన చేయించేవారు. పిడి అడుగు నుంచి రెండడుగులే. దాన్ని వాడాలంటే రోజంతా రెండుగా మడతపడి నడవాలి. కూలీలు దానికి ఎల్ కోర్టిటో అని పేరు పెట్టారు, పొట్టిది అని అర్థం. పొడుగు పిడితో పంట పాడవుతుందని యజమానులు వాదించారు. అసలు సంగతి ఇంకోటి కూడా ఉంది. పొట్టి పారతో ఎవరు నడుము నిలబెట్టినా, పని ఆపారని మేస్త్రీకి దూరం నుంచే తెలిసిపోతుంది. కూలీల తరఫు న్యాయవాదులు కేసు వేశారు. వెన్నుకు ఏం జరుగుతుందో వైద్యులు సాక్ష్యం చెప్పారు. స్వయంగా ఆ పార పట్టి పనిచేసిన సీజర్ చావెజ్ నాయకత్వంలోని కూలీల సంఘం ఉద్యమం అదే కాలంలో బలంగా నడుస్తోంది. 1975 జనవరిలో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు తీర్పు కూలీల వైపు వచ్చింది, ఆ ఏడాదే పొట్టి పారకు కాలం చెల్లింది. పంటలు పాడవలేదు, పొడుగు పిడితోనే పండాయి. తర్వాత కొందరు యజమానులు పార తీసేసి చేతులతోనే కలుపు తీయించడం మొదలుపెడితే, 2004లో దాని మీద కూడా ఆంక్షలు తెచ్చుకున్నారు.

మన చేతుల్లో ఉన్న కుర్పీ, తొలిక కూడా పొట్టి పిడివే. వాటిని మార్చాలన్న ఆలోచన మనకెందుకు రాలేదు? ఆడవాళ్ల నడుముకు ఖరీదు కట్టలేదు కనుక.

బరువు కూడా బేరమే

అమెరికా ప్రభుత్వ వృత్తి భద్రత సంస్థ ఒక లెక్క చెబుతుంది. బరువు ఒంటికి దగ్గరగా, తుంటి ఎత్తుకు కాస్త అటూ ఇటుగా, మెలిక లేకుండా, అప్పుడప్పుడు మాత్రమే ఎత్తేటట్టయితే, 23 కిలోలు దాటకూడదని. నేల మీదనుంచి ఎత్తినా, తిరుగుతూ ఎత్తినా, గబగబా ఎత్తినా ఆ పరిమితి ఇంకా తగ్గుతుంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే మగవాళ్లకు కూడా 55 కిలోలు మించరాదని సిఫారసు చేసింది.

మన సంగతి చూడండి. డీఏపీ బస్తా 50 కిలోలు. ఆంధ్రలో ధాన్యం లెక్క ఇప్పటికీ 75 కిలోల బస్తాతోనే నడుస్తుంది. యూరియా బస్తాను 2018లో 50 కిలోల నుంచి 45కి తగ్గించారు. అది మన నడుము మీద దయతో కాదు, యూరియా వాడకం తగ్గించడానికి. అయినా ఆ మార్పు మనకో సంగతి చెప్పింది. తలచుకుంటే దేశమంతా బస్తా తూకం మారుతుంది, కంపెనీలు మూతపడవు.

కాలిఫోర్నియా ద్రాక్ష తోటల్లో పండ్లు మోసే తొట్టి బరువును దాదాపు 26 కిలోల నుంచి 21 కిలోలకు తగ్గించి చూశారు. కూలీల ఒంటి నొప్పులు గణనీయంగా తగ్గాయి. అయిదు కిలోలే కదా అనిపిస్తుంది, రోజుకు వందసార్లు ఎత్తే మనిషికి అది 500 కిలోలు. వంగి చేసే పనుల్లో గంటకో అయిదు నిమిషాలు నిలబడి విరామం తీసుకున్నవాళ్లలో నొప్పుల తీవ్రత తగ్గినట్టు కూడా అక్కడే చూశారు.

మన ప్రభుత్వాల దగ్గర సమాచారం లేక కాదు. భోపాల్‌లోని కేంద్ర వ్యవసాయ ఇంజనీరింగ్ సంస్థ ఆధ్వర్యంలో వివిధ రాష్ట్రాల రైతుల, కూలీల, ఆడవాళ్లతో సహా, ఒంటి కొలతలు, బలం కొలతలు తీసి పెట్టారు. పనిముట్లు వాటికి తగ్గట్టు చేయడానికే ఆ కొలతలు. అయినా సబ్సిడీలో వచ్చే కోనో వీడర్ పిడి చాలా చోట్ల మగవాడి ఎత్తుకే ఉంటుంది. బరువు నేలలో దాన్ని తోయలేక అక్కలు మళ్లీ వంగే కలుపు తీస్తారు.

తెలంగాణలో 2018 నుంచి రైతు బీమా ఉంది. 59 ఏళ్లలోపు రైతు చనిపోతే కుటుంబానికి 5 లక్షలు వస్తాయి. మంచిదే. కానీ నడుము పోయి బతికి ఉన్న రైతుకు అందులో పైసా లేదు. భూమి లేని కూలీకి అసలే లేదు.

మనం చేయాల్సింది

మొదట మన చేతుల్లో ఉన్నవి. సీజను మొదలయ్యే ముందు ప్రతి ముఠా పైన చెప్పిన ఐదు పరీక్షలూ ఒకరికొకరు చేసుకోవాలి. పనికి దిగేముందు అయిదు నిమిషాలు ఒళ్లు కదిలించాలి. వంగే పనిలో గంటకోసారి ముఠా అంతా ఒకేసారి నిలబడాలి. అందరూ కలిసి నిలబడితే ఎవరూ వెనకబడరు, ఎవరినీ ఎవరూ సోమరి అనలేరు. నారు కట్టలు దగ్గరగా వేయించుకోవాలి. బస్తా ఇద్దరు పట్టాలి. పత్తి ఒడి సగం నిండగానే ఖాళీ చేయాలి. నొప్పి వచ్చాక మంచానికి అతుక్కుపోకూడదు, ఓర్చుకోగలిగినంత మేరకు కదులుతూనే ఉండాలి. నడుము బెల్టు మీద ఆశ పెట్టుకోవద్దు. ఎన్నాళ్లుగానో వదలని నడుము నొప్పికి వ్యాయామం, అవగాహన మేలని, బెల్టులూ లాగుడు వైద్యమూ మామూలుగా వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో మార్గదర్శకాలు ఇచ్చింది.

రెండోది గుత్త బేరం. ఎకరానికి రేటు మాట్లాడేటప్పుడే విరామం, నీళ్లు, బస్తా తూకం, మోత దూరం కూడా మాట్లాడాలి. చిన్న రైతు మీద భారం పడుతుందన్న మాట వాస్తవం. మనలో చాలామంది పొద్దున రైతులు, మధ్యాహ్నం కూలీలు. అందుకే ఆ భారం ప్రభుత్వం మోయాలని రైతు, కూలీ కలిసి అడగాలి.

మూడోది ప్రభుత్వం ముందు మన డిమాండ్లు. మండల కేంద్రంలోని ఆసుపత్రిలో వారంలో కనీసం రెండు రోజులు ఫిజియోథెరపిస్టు ఉండాలి. వృద్ధుల ఆరోగ్యానికి 2010-11లో మొదలైన జాతీయ కార్యక్రమంలో జిల్లా ఆసుపత్రులకు ఈ సేవ ఉంది, అది మండలాలకు రావాలి, అన్ని వయసుల వాళ్లకూ అందాలి. ఎరువు, విత్తనం, ధాన్యం సంచులు 25 కిలోలకు దిగాలి. సబ్సిడీ పనిముట్లు ఆడవాళ్ల ఎత్తుకు తగ్గట్టు, పిడి మార్చుకునే వీలుతో ఇవ్వాలి. పనిలో శాశ్వతంగా దెబ్బతిన్న రైతుకు, కూలీకి బీమా వర్తించాలి.

వయసు మీద పడింది, వ్యవసాయం చేసేవాళ్లకు నొప్పులు మామూలే అనే మాట మనలో మనమే అనుకుంటుంటాం. ఆ మాట ఉన్నంతకాలం ఎవరూ మనకు జవాబు చెప్పాల్సిన పని ఉండదు. నొప్పికి ఒక కదలిక కారణం, ఆ కదలికకు ఒక పనిముట్టో బరువో తొందరో కారణం. వాటికి తూకం ఉంది, కొలత ఉంది, రేటు ఉంది. తూకం, కొలత, రేటు ఉన్న ప్రతిదాని మీదా సంఘం బేరం చేయగలదు.

వచ్చే నెల తరగతికి వచ్చేటప్పుడు ప్రతి ఊరి కమిటీ మూడు విషయాలు రాసుకు రావాలని కోరుతున్నాం. మీ ఊళ్లో ఎక్కువ మందికి ఏ పనిలో నొప్పి వస్తోంది, ఆ పనిలో ఏ బరువు ఎత్తుతున్నారు, ఏ పనిముట్టు వాడుతున్నారు. ఆ కాగితాలు కలిపితే అదే మన వినతిపత్రం అవుతుంది.